ఊఁ కొట్టిన ఊరు

అనగనగా తేనేరు అని ఒక ఏరు. ఆ ఏటి ఒడ్డున కలువమెట్ట అని ఒక ఊరు. ఆ ఊరికి ఒక రాజు, ఆ రాజు మాటకు ఒక టముకు, ఆ టముకుకు ఒక సింగన్న.

టముకంటే ఏమిటో చెబుతాను, వినండి పిల్లలూ. రాజుగారి మాట ఊరందరికీ తెలియాలంటే ఆయన ఇల్లిల్లూ తిరగలేరు గదా! అందుకని ఒక మనిషి చిన్న డోలులాంటిది మెడలో వేసుకుని, వీధి వీధినా నిలబడి, పుల్లలతో దాన్ని వాయించి, గొంతెత్తి ఆ మాట చాటేవాడు. ఆ వాయించేదే టముకు. కలువమెట్టలో ఆ పని సింగన్నది. అంతకు ముందు వాళ్ల నాన్న నరసన్నది.

నరసన్నకు ఒక పద్ధతి ఉండేది. టముకు మీద మూడు దెబ్బలు, నోట మూడు ముక్కలు. ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు. "పశువుల సంత. కోట వెనక బయలు. రేపు పొద్దున్నే." అంతే, పక్క వీధికి పోయేవాడు. జనం విన్నారా అంటే విన్నారు. నరసన్న ముఖం చూశారా అంటే ఒక్కరూ చూడలేదు. మిరపకాయలు దంచే ఆవిడ దంచుతూనే ఉండేది. గొడ్డలి నూరే ఆయన నూరుతూనే ఉండేవాడు. చెవిన పడ్డ మాట చెవిలో ఉంచుకుని, మర్నాడు పొద్దున్నే పశువులను తోలుకుని సంతకు పోయేవారు.

టముకు తన చేతికి వచ్చాక సింగన్నకు ఇదే నచ్చలేదు. "గొంతు చించుకుని అరిచినా ఒక్కడూ తలెత్తి చూడడు. ఇది ఉప్పులేని పప్పు" అనుకున్నాడు.

ముందు టముకును సింగారించాడు. అంచు చుట్టూ గజ్జెలు కట్టాడు. ఎర్రగుడ్డ కుచ్చులు వేలాడదీశాడు. నెమలి ఈకలు గుచ్చాడు. నడుస్తుంటే ఆ గజ్జెలు ఘల్లుమనేవి, పిల్లలు వెంట పడేవారు. ఇక్కడి దాకా తప్పేమీ లేదు. కంటికి ఇంపుగా ఉంటే ఎవరికి చేదు?

ఆ తరవాత మాటను సింగారించడం మొదలుపెట్టాడు.

"పశువుల సంత" అని ఊరుకోకుండా, "పాలసముద్రంలో పుట్టిన కామధేనువుకు పినతల్లి బిడ్డల్లాంటి ఆవులు" అన్నాడు. మిరపకాయలు దంచే ఆవిడ రోకలి ఆపింది. గొడ్డలి నూరే ఆయన తల ఎత్తాడు. సింగన్న ఒళ్లు పులకరించింది. ఇంకొంచెం కలిపాడు. కొమ్ములకు బంగారు తొడుగులన్నాడు, పొదుగులు కుండల్లా ఉంటాయన్నాడు. వీధంతా చుట్టూ చేరింది. ఎవరో ముసలాయన, మనవడికి కథ చెప్పేటప్పుడు వాడు కొట్టినట్టు, "ఊఁ" అన్నాడు.

ఆ "ఊఁ" సింగన్న చెవిలో తేనె పోసినట్టుంది.

అది మొదలు, గజ్జెల చప్పుడు వినబడితే చాలు, జనం పనులు వదిలేసి వచ్చేవారు. అరుగుల మీద చోటు పట్టుకునేవారు. సింగన్న ఒక ముక్క చెబితే ఊరంతా "ఊఁ" అనేది. సింగన్న మాటంటే చెవి కోసుకునేవారు.

అతని పెళ్లాం సూరమ్మ మాత్రం కోసుకోలేదు. సూరమ్మ నాలుగిళ్ల వడ్లు దంచి, చెరిగి పెట్టే మనిషి. చేట చేతిలో లేని సూరమ్మను ఊళ్లో ఎవరూ చూడలేదు. మొగుడు ఇంటికొచ్చి కబుర్లు చెబుతుంటే చేట ఊపుతూనే వినేది.

"ఏమయ్యా, నీ మాటలు కూడా నేను చెరుగుకోవాల్సి వస్తోంది" అనేది. "పిడికెడు గింజకు చేటెడు పొట్టు. పొట్టు ఎగరగొట్టేసరికి గింజ ఎక్కడ పడిందో కనబడదు."

"పోవే! ఊరంతా మెచ్చుకుంటుంటే నీకు ఒక్కదానికే నచ్చదు" అనేవాడు సింగన్న.

"ఊరు వింటుంది, ఊరుకుంటుంది. నేను వండాలి గదా" అనేది సూరమ్మ.

ఇలా ఉండగా ఒకనాడు రాజుగారు ఒక కబురు చాటించమన్నారు. సీతాఫలాల గుట్ట మీదికి ఎలుగుబంటి వచ్చింది. కట్టెలకు పోయేవాళ్లు ఒంటరిగా పోవద్దు. ఇదీ కబురు.

సింగన్న గజ్జెలు ఘల్లుమనిపించాడు. "వినండహో! గుట్ట మీదికి వచ్చింది మామూలు ఎలుగుబంటి కాదు! దానికి ఒంటికన్ను! ఎడమ కాలికి వెండి కడియం! పోయిన జన్మలో అది ఒక రాజకుమారుడు, ఒక మునిని చూసి నవ్వి శాపం పొందాడు. ఇప్పటికీ వెన్నెల్లో కూచుని పాడుతుంది!"

"ఊఁ!" అంది ఊరు.

ఒంటరిగా పోవద్దన్న మాట కూడా చెప్పాడు. చెప్పాడు గాని, కడియం దగ్గర జనం ఆగిపోయారు. మర్నాడు పొద్దున కట్టెలకు పోయినవాడు ఒక్కడూ లేడు. ఎలుగుబంటి కడియం చూడటానికి మాత్రం సగం ఊరు గుట్ట ఎక్కింది. కుమ్మరి పాపయ్య అందరికంటే ముందు నడిచి, పొదలు తొలగించి, "రాజకుమారా!" అని పిలిచాడు. ఎలుగుబంటి వచ్చింది. పాపయ్య పరుగెత్తాడు. అతని పంచె ఎలుగుబంటికి దక్కింది, ఒళ్లు మాత్రం ఇంటికి చేరింది, భుజం మీద గోళ్ల గాట్లతో.

రాజుగారు సింగన్నను పిలిపించి చీవాట్లు పెట్టారు. సింగన్న తల వంచుకుని "చిత్తం మహాప్రభూ" అన్నాడు. కోట గుమ్మం దిగేసరికి పాపయ్యే ఎదురొచ్చి, "భుజం పోతే పోయింది గాని సింగన్నా, ఆ వెన్నెల్లో పాట సంగతి మళ్లీ ఒకసారి చెప్పు" అన్నాడు. ఇంకేం, చీవాట్లు గాలికి పోయాయి.

రెండోసారి కబురు పశువులది. గొడ్లకు గాలికుంటు రోగం వచ్చి, డెక్కలు పుళ్లు పడి కుంటుతున్నాయి. రాజుగారు ఎక్కడినుంచో పశువుల వైద్యుణ్ణి రప్పించారు. ఎల్లుండి పొద్దున కోట వెనక బయలుకు గొడ్లను తోలుకురండి. ఇదీ కబురు.

ఇందులో సింగారించడానికేముంది అంటారా? సింగన్నను అడగండి!

"వినండహో! వస్తున్న వైద్యుడి వయసు ఆయనకే తెలియదు! ఆయన మూలికలు మంచుకొండల మీద దేవతలు నాటినవి! ఆ మందు నాకిన ముసలి ఎద్దు కోడెదూడలా గంతులేసింది! తోలినవాడు చెయ్యి నాక్కుంటే, ఊడిన పళ్లు మళ్లీ మొలిచాయి!"

"ఊఁ!" అంది ఊరు. బోసినోళ్లు ఇంకాస్త గట్టిగా అన్నాయి.

ఆ ఎల్లుండి పొద్దున చూడాలి ఆ బయలు! గొడ్లేవీ, ఎక్కడా? ఊళ్లో ఉన్న ముసలివాళ్లందరూ కర్రలు పట్టుకుని, నోళ్లు తెరుచుకుని బారులు తీరారు. వెనక వచ్చిన గొడ్లకు బయల్లో అడుగు పెట్టే సందు లేదు. వైద్యుడు బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి మందు సంచి భుజాన వేసుకున్నాడు. "అవతల ఊళ్లో గొడ్లు నా కోసం చూస్తున్నాయి" అని వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే, ఏటి పక్క పల్లంలో ఉన్న దిగువపేటలో రైతు వీరేశం కాడెద్దుల్లో ఎడమపక్కది, దాపటిది, చచ్చిపోయింది. వీరేశం సింగన్న ఇంటికి వచ్చాడు. తిడతాడనుకున్నాడు సింగన్న. వీరేశం తిట్టలేదు.

"నువ్వు చెప్పింది బాగుంది సింగన్నా. నేనూ ఊఁ కొట్టాను" అన్నాడు. "నా దాపటి ఎద్దు పోయింది." ఆ మాట చెప్పి వెళ్లిపోయాడు.

ఆ పూట సింగన్న కంచం ముందు నుంచి లేచిపోయాడు. సూరమ్మ చేట ఊపలేదు. సింగన్న మనసులో ఏదో గుచ్చుకుంది. నిజంగానే గుచ్చుకుంది, అబద్ధమెందుకు చెప్పాలి! కాని అలవాటైన ప్రాణం. రెండు రోజులు పోయాక ఎవరో అరుగు మీదనుంచి "ఆ పళ్లు మొలిచిన సంగతి ఏమిటి సింగన్నా?" అన్నారు. పుండు మీద వెన్న రాసినట్టయింది. మళ్లీ నోరు విప్పాడు.

ఈసారి రాజుగారు గట్టిగానే చెప్పారు. "సింగన్నా, నా మాటకు ఇంకొక్క మాట కలిపావంటే టముకు తీసేసుకుంటాను. మీ నాన్న మొహం చూసి ఇన్నాళ్లూ ఊరుకున్నాను."

సింగన్న టముకును రెండు చేతులా పట్టుకున్నాడు. టముకు పోతే అతనికి ఏం మిగులుతుంది? అది తండ్రి మెడలో ఆడిన టముకు. దాని తోలు మీద తండ్రి చేతి నలుపు ఇంకా ఉంది. "ఇక కలపను మహాప్రభూ" అని చెంపలు వేసుకున్నాడు.

అలా కొన్నాళ్లు గడిచాయి. వానాకాలం వచ్చింది. కలువమెట్టలో వాన లేదు. ఎండ ఫెళ్లుమని కాస్తోంది. ఏట్లో నీళ్లు మోకాలి లోతుకు మించి లేవు, పిల్లలు అందులో చేపలు పడుతున్నారు. అలాంటి మధ్యాహ్నం పూట కోటకు ఒక మనిషి రొప్పుతూ వచ్చాడు. ఎగువ కొండల్లోంచి వచ్చాడు. అక్కడ ఎడతెగని వాన. ఏటికి ఎగువన ఉన్న పెద్దచెరువు కట్ట తెగింది. ఆ నీళ్లన్నీ తేనేట్లో పడి దిగుతున్నాయి.

రాజుగారు సింగన్నను పిలిచారు. "పొద్దు వాలేలోగా నీళ్లు దిగువపేట మీద పడతాయి. పేటంతా పిల్లాజెల్లా, గొడ్డూగోదాతో కోట మెరకకు రావాలి. తలుపులు తీయిస్తున్నాను. నీ ఇల్లూ అక్కడే. పరుగెత్తు. ఒక్క మాట కలపకు."

సింగన్న పరుగెత్తాడు. దిగువపేట నడిబజారులో నిలబడి టముకు బాదాడు.

గజ్జెలు ఘల్లుమన్నాయి. ఆ చప్పుడు విన్న జనం ఆనందంగా వచ్చారు. ఒకావిడ చాప తెచ్చి పరిచింది. పాపయ్య వేయించిన పల్లీలు ఒళ్లో పోసుకుని కూచున్నాడు. పిల్లలు ముందు వరసలో చేరారు.

సింగన్న తండ్రిని తలుచుకున్నాడు. మూడే ముక్కలు చెప్పాడు.

"వరద వస్తోంది. కోట మెరకకు పొండి. ఇప్పుడే పొండి."

జనం ఒక్క క్షణం చూశారు. తరవాత అందరూ కలిసి హాయిగా అన్నారు. "ఊఁ!"

సింగన్న టముకు మళ్లీ బాదాడు. "ఊఁ కాదయ్యా! వరద! లేవండి!"

"ఊఁ, తరవాత?" అన్నాడు పాపయ్య, పల్లీ ఒలుచుకుంటూ.

"తరవాత ఏమీ లేదు! నీళ్లు వస్తున్నాయి!"

"ఎండ కాస్తుంటే వరదేమిటి! చూశారా, మొదలే అద్భుతంగా ఎత్తుకున్నాడు" అన్నాడు ఇంకొకడు. "ఇంతకీ నీళ్లలో ఏముంది సింగన్నా? మకరమా? నాగకన్యా?"

ఏడు తాటిచెట్ల ఎత్తు కెరటమని, దాని మీద వెయ్యి పడగల పాము వస్తోందని చెబితే భయపడి లేస్తారేమో! ఆ మాట సింగన్న నాలుక చివరి దాకా వచ్చింది. అంతలోనే తెలిసింది, చెబితే వీళ్లు ఇంకాస్త సర్దుకుని కూచుంటారు. తన నోటి నుంచి వచ్చిన ఏ వింతకూ ఈ ఊరు అప్పటికప్పుడు లేచి కదల్లేదు. కూచునే వింది. కూచోబెట్టింది తనే.

సింగన్నకు ఏడుపు వచ్చింది. బజారులో నిలబడి బావురుమన్నాడు.

"ఆహా, కన్నీళ్లు కూడా తెప్పించాడు!" అని చప్పట్లు కొట్టారు.

అప్పుడు అతను గజ్జెలు పీకేశాడు. కుచ్చులు తెంపాడు. నెమలి ఈకలు దుమ్ములో పారేశాడు. ఇంటివైపు పరుగెత్తాడు. ఊరు ఎలాగూ నమ్మలేదు, ఇంట్లో ఉన్న ప్రాణాలనైనా దక్కించుకోవాలి. ఇల్లు బజారుకు ఎదురే. వాకిట్లో సూరమ్మ బియ్యం చెరుగుతోంది. పక్కన ఉయ్యాల్లో పసిబిడ్డ నిద్రపోతోంది.

"వరద వస్తోంది. కోట మెరకకు పోవాలి. ఇప్పుడే పోవాలి" అన్నాడు సింగన్న.

సూరమ్మ చేట ఆపింది. మొగుడి ముఖంలోకి చూసింది. "ఇంకేమన్నా ఉందా?"

"లేదు."

"ఎంత ఎత్తున వస్తోంది?"

"తెలియదు."

పెళ్లయిన నాటినుంచి ఆ మనిషి నోట "తెలియదు" అన్న మాట సూరమ్మ వినలేదు. చేట కింద పెట్టింది. చెరిగిన బియ్యం నేల పాలైనా చూడలేదు. బిడ్డను చంకనేసుకుంది, ఆవు పలుపు విప్పింది, నడిబజారులో చాపల మధ్య నుంచి నడిచింది.

"ఏం సూరమ్మా, కథ అవకముందే పోతున్నావు?" అన్నాడు పాపయ్య.

సూరమ్మ నిలబడింది. "పాపయ్య బావా, ఈయన మాటలు నేను చెరిగినంతగా ఈ ఊళ్లో ఎవరూ చెరగలేదు. ఎప్పుడు చెరిగినా చేటెడు పొట్టు. ఇవాళ పొట్టు లేదు. ఒట్టి గింజే. నేను నా బిడ్డను తీసుకుని పోతున్నాను. మీ ఇష్టం."

ఆవును అదిలించి కోట దారి పట్టింది. వెనక్కి తిరిగి చూడలేదు.

ముందుగా లేచింది వీరేశం. "నాకు మిగిలింది వలపటి ఎద్దొక్కటే. దీన్ని కూడా ఊఁ కొడుతూ పోగొట్టుకోలేను" అని ఎద్దును విప్పి సూరమ్మ వెనక నడిచాడు. చాప పరిచినావిడ చాప అక్కడే వదిలేసి పిల్లలను లాక్కుంది. పాపయ్య ఒళ్లోని పల్లీలు రాలిపోయాయి. ఒకరిని చూసి ఒకరు, పేటంతా కదిలింది. సింగన్న ఇల్లిల్లూ తిరిగాడు. నడవలేని ఒక అవ్వ తలుపు వెనక కనబడింది. ఆమెను వీపున ఎక్కించుకోవడానికి మెడలోని టముకు అడ్డొచ్చింది. సింగన్న ఒక్కసారి దాని తోలు మీద చెయ్యి వేశాడు. తరవాత దాన్ని తీసి గుమ్మం దగ్గర పెట్టి, అవ్వను ఎత్తుకుని మెరక ఎక్కాడు.

పొద్దు వాలకముందే నీళ్లు వచ్చాయి. ఆ నీళ్లకు పడగలు లేవు, మకరాలు లేవు. ఎర్రటి బురద నీళ్లు, అంతే. దిగువపేట ఇళ్లన్నీ వాటిలో మునిగిపోయాయి. ప్రాణం మాత్రం ఒక్కటీ పోలేదు. మెరక మీద నిలబడిన జనం చూస్తూ ఉండిపోయారు. ఎవరూ ఊఁ అనలేదు.

రాజుగారు సింగన్న దగ్గరికి వచ్చారు. "టముకు తీసేసుకుంటానని నేను అన్నాను. చివరికి ఏరు తీసుకుంది. కొత్తది చేయిస్తాను. దానికి ఏం కావాలి? గజ్జెలా? కుచ్చులా?"

"తోలు గట్టిగా ఉంటే చాలు మహాప్రభూ" అన్నాడు సింగన్న.

కోట వసారాలో పెద్ద పొయ్యిల మీద గంజి కాగుతోంది. అది ఉడికే దాకా పిల్లలు ఆగడం లేదు, ఏడుస్తున్నారు. సూరమ్మ మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. "ఏమయ్యా, ఆ ఒంటికన్ను ఎలుగుబంటి సంగతి చెప్పు. పిల్లలు ఊరుకుంటారు."

"పొట్టన్నావు గదే!"

"గింజలో కలిపితే పొట్టు అన్నాను. ఇప్పుడు నిన్ను గింజ ఎవరడిగారు?"

సింగన్న చెప్పాడు. కడియం వెండిది కాస్తా బంగారంది అయింది, ఎలుగుబంటి వెన్నెల్లో పాడటమే కాదు, ఆడింది కూడా. పిల్లలు ఏడుపు మాని "ఊఁ" అన్నారు. భుజం తడుముకుంటూ పాపయ్య కూడా "ఊఁ" అన్నాడు. ఆ ఊఁ సింగన్నకు ఎప్పటికంటే తియ్యగా వినబడింది, ఎందుకంటే దానివల్ల ఎవరికీ కీడు జరుగుతుందన్న భయం లేదు.

అప్పటినుంచి కలువమెట్టలో ఒక కట్టుబాటు ఏర్పడింది. సింగన్న మెడలో టముకు ఉన్నప్పుడు ఎవరూ కూచోకూడదు, ఎవరూ ఊఁ కొట్టకూడదు. మూడు దెబ్బలు, మూడు ముక్కలు, విని కదలాలి. సాయంత్రం టముకు గోడకు తగిలించాక మాత్రం సింగన్న ఎంతైనా సింగారించవచ్చు, ఊరు ఎంతసేపైనా ఊఁ కొట్టవచ్చు.

కాబట్టి పిల్లలూ, మీరు కొట్టిన ఊఁ ఇక చాలించి, నీతి వినండి: కథకు సింగారమే అందం, కబురుకు నిజమే అందం.